అమ్మమ్మ గొంతు, పెంకుల మీద వాన: ఏది ఎలా పంచాలి?

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవులకి కోనసీమలో అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడల్లా ఫోన్‌లో శబ్దాలు రికార్డు చేయడం అలవాటు. పెంకుటింటి మీద వాన, విసుర్రాయి, కవ్వంతో మజ్జిగ చిలకడం, సంక్రాంతికి వాకిట్లోకి వచ్చిన గంగిరెద్దులాయన సన్నాయి, అన్నిటికంటే ఎక్కువగా అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటలు. మొత్తం నలభై దాకా ఉన్నాయి. పోయినేడాది వాన శబ్దం ఒకటి ‘పేరు చెప్పి వాడుకోవచ్చు’ అనే లైసెన్సుతో ఫ్రీసౌండ్ అనే శబ్దాలు పంచుకునే సైటులో పెట్టాను. మొన్న ఒక షార్ట్ ఫిల్మ్‌లో అదే వాన వినపడింది. మధ్యలో మా గేదె అరుపు ఉంది కాబట్టి గుర్తుపట్టాను. నా పేరు ఎక్కడా లేదు. చాలా బాధేసింది. మా తమ్ముడు ‘వానకి కూడా ఓనరా?’ అంటున్నాడు. మిగతావి పెట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. పెడితే ఏ లైసెన్సు? అమ్మమ్మ పేరు వెయ్యాలా? ఇంకో మాట కూడా చెప్పాలి. నేనూ ఒక వీడియోలో ఎవరిదో గుడిగంట శబ్దం వాడి, కింద ‘సౌండ్: ఇంటర్నెట్’ అని రాశాను. అది తప్పేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు మీ తమ్ముడి మాట తీసుకుందాం. వానకి ఓనర్ లేడు. రేపు ఇంకెవరైనా కోనసీమ వెళ్లి, ఇంకో పెంకుటింటి వసారాలో కూర్చుని, ఇంకో వాన రికార్డు చేసుకుంటే మీరు కాదనలేరు. కానీ ఆ రోజు ఫోన్ ఎక్కడ పెడితే చూరు నీళ్లు గాబులో పడే చప్పుడు కూడా వస్తుందో చూసుకుని, ఇంట్లోవాళ్లని కాసేపు మాట్లాడొద్దని బతిమాలి, కదలకుండా కూర్చుంది మీరు. ఆ రికార్డింగు మీది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కూడా అదే చెబుతుంది. సౌండ్ రికార్డింగుకి కర్త ఎవరంటే, పూనుకుని, బాధ్యత తీసుకుని దాన్ని తయారు చేసిన మనిషి. దానికి స్టూడియో అక్కర్లేదు, రిజిస్టర్ చేయించుకోనక్కర్లేదు. రికార్డు చేసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. జనంలోకి విడుదల చేశాక, ఆ మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి మీకు బాధేయడంలో వింతేమీ లేదు. మీరు డబ్బు అడగలేదు. పేరు ఒక్కటే అడిగారు. అదీ ఇవ్వలేదు.

అయినా ఆ సినిమా తీసినవాళ్లని దొంగలనుకుని మొదలుపెట్టకండి. నేను చూసినంతలో పేరు వెయ్యనివాళ్లలో చాలామందికి వెయ్యాలని తెలియదు. ఎడిటింగ్ చేసే కుర్రాడు రాత్రి రెండింటికి పది శబ్దాలు దించుకుంటాడు. పొద్దున్నకి ఏది ఎక్కడిదో గుర్తుండదు. నేరుగా ఒక ఉత్తరం రాయండి, ఇలా: ‘మీ సినిమా చూశాను. ఫలానా నిమిషం దగ్గర వినపడే వాన నేను రికార్డు చేసింది. పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చని పెట్టాను. మీరు వాడినందుకు సంతోషం. వీడియో కింది వివరాల్లో ఈ లైను చేర్చగలరా?’ అని రాసి, ఆ లైను మీరే తయారు చేసి ఇవ్వండి. వాళ్లు కాపీ చేసి అతికిస్తే సరిపోయేలా ఉండాలి. మీ లైసెన్సు క్రియేటివ్ కామన్స్ (మన పనిని ఏ షరతు మీద ఎవరైనా వాడుకోవచ్చో చెప్పే రెడీమేడ్ లైసెన్సులు) 4.0 వెర్షన్ అయితే అందులో ఒక మంచి వెసులుబాటు ఉంది. షరతు తప్పినవాళ్లకి లైసెన్సు దానంతటదే రద్దవుతుంది కానీ, తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే మళ్లీ దానంతటదే తిరిగొస్తుంది. ఈ సంగతీ ఉత్తరంలో నెమ్మదిగా చెప్పండి. బెదిరింపులా కాకుండా, దారి ఉందని చెప్పినట్టు ఉండాలి. రెండుసార్లు రాసినా పలక్కపోతే అప్పుడు ఆ వీడియో ఉన్న సైటుకి కాపీరైట్ ఫిర్యాదు పెట్టవచ్చు. మీ దగ్గర అసలు ఫైల్ ఉంది, గేదె అరుపూ ఉంది. ఆ ఫైల్ మాత్రం ఎడిట్ చెయ్యకుండా, తేదీతో సహా అలాగే దాచండి. మీ శబ్దం కలిపి పాట చేసుకున్నవాళ్లెవరో ఆ పాటని తమ పేర రిజిస్టర్ చేస్తే, శబ్దాలు పోల్చి చూసే యూట్యూబ్ లెక్కలో రేపు మీ వీడియోకే అభ్యంతరం రావచ్చు. అప్పుడు అక్కరకొచ్చేది ఆ ఫైలే.

ఇక మిగతా నలభై. వాటన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఒకరోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వినండి. వాన, విసుర్రాయి, కవ్వం లాంటివి ఒక పక్కకి, మనుషుల గొంతులూ వాయిద్యాలూ ఉన్నవి ఇంకో పక్కకి పెట్టండి. మొదటి గుంపుకి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. వెనకాల సీరియల్ టైటిల్ పాట, గుడి మైకులో సినిమా పాట, పక్కింటి పిల్లల పేర్లు వినపడుతున్నాయేమో చూసుకుని ఆ ముక్క కత్తిరించండి. ఎంత బాగున్నా సరే.

రెండో గుంపు దగ్గర మాత్రం ఆగాలి. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం ఒక ఊళ్లో ఒక పెద్దావిడ దగ్గర లాలిపాట రికార్డు చేశాను. ఆవిడ సంతోషంగానే పాడింది. ‘రికార్డు చేసుకోనా’ అని అడిగాను, ‘చేసుకోమ్మా’ అంది. నెట్‌లో పెడతానని మాత్రం చెప్పలేదు. అసలు ఆ మాట చెప్పాలని అప్పుడు నాకు తట్టలేదు. పేరు, ఊరు రాసి, ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు పెట్టి ఎక్కించాను. ఏడాది తర్వాత ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. ఎవరో తమ పాప ఊయల వేడుక వీడియోకి ఆ పాట వేసుకున్నారట. అది చేతులు మారి వాళ్ల ఊరికే చేరిందట. ఆవిడ విని రెండు రోజులు అన్నం తినలేదన్నాడు. ఆ పాట ఆవిడ పోగొట్టుకున్న పిల్ల కోసం పాడిన పాట. నాకు పాడి వినిపించడం వేరు, ఊరంతా వినడం వేరు. నేను వెంటనే తీసేశాను. కానీ నా పేజీలోంచి తీసెయ్యడమే నా చేతిలో ఉంది. అప్పటికే దించుకున్నవాళ్ల దగ్గర అది ఉండనే ఉంది, వాళ్లకి నేనిచ్చిన అనుమతీ ఉండనే ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేం. ఇకమీద పంచడం ఆపగలం, పంచింది మాత్రం పంచినట్టే.

అందుకే అమ్మమ్మని అడగండి. రికార్డు చేసింది మీరే అయినా, పాడింది ఆవిడ. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి మన చట్టంలో విడిగా హక్కు ఉంది. అది 50 ఏళ్లు నిలుస్తుంది. ఆవిడ ఒప్పుకోకుండా ఆవిడ పాటని మీరు లోకానికి లైసెన్సు ఇవ్వలేరు. ఇంట్లో మనిషే కదా అనుకోకండి. ఇంట్లో మనిషిని అడగడమే మనం ఎక్కువగా మర్చిపోతాం. ‘లైసెన్సు’ అంటే ఆవిడకి బస్సు డ్రైవరు గుర్తొస్తాడేమో, కాబట్టి మామూలు మాటల్లో చెప్పండి: ‘అమ్మమ్మా, నువ్వు పాడింది ఎవరైనా వినొచ్చు, దించుకోవచ్చు. వాళ్ల వీడియోల్లో పెట్టుకోవచ్చు, ముక్కలు చేసి ఇంకో పాటలో కలుపుకోవచ్చు. నీ పేరు చెప్పాలి. డబ్బులు రావు. తర్వాత వద్దన్నా అన్నిచోట్లా తీసెయ్యలేను. పెట్టమంటావా?’ ఏ పాట పెట్టొచ్చో, ఏది వద్దో పాట పాటకీ అడగండి. ఆవిడ ఒప్పుకుంటున్న మాటలనే రికార్డు చేసి దాచుకోండి.

పేరు వెయ్యాలా అన్నారు. అది ఆవిడ ఇష్టం. కొందరికి ఇంటిపేరు, ఊరుతో సహా రావాలని ఉంటుంది. కొందరు పేరు వద్దంటారు. వద్దంటే ‘పాడినవారు: కోనసీమకి చెందిన ఒక పెద్దావిడ’ అని రాస్తే చాలు. వెయ్యమంటే మాత్రం మీ పేరు పక్కన చిన్న అక్షరాల్లో కాదు, పాడినవారిగా ఆవిడ పేరు ముందు, రికార్డు చేసినవారిగా మీ పేరు తర్వాత వెయ్యండి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఎక్కడా వద్దు. జిల్లా, మండలం చాలు.

పాట ఎవరిదన్నది ఇంకో లెక్క. దంపుళ్ల పాటలు నోటి నుంచి నోటికి వచ్చినవి, కర్త తెలియనివి అయితే ఇబ్బంది లేదు. కానీ అమ్మమ్మలు అన్నీ కలిపి పాడతారు. రోకటి పాట మధ్యలో పాత సినిమా పల్లవి దూరుతుంది, తర్వాత ఒక కీర్తన వస్తుంది. సినిమా పాటయితే పక్కన పెట్టండి, అది మీరు ఇవ్వగలిగింది కాదు. కీర్తన దగ్గర జాగ్రత్తగా చూడాలి. అన్నమయ్య 1503లో పోయారు. సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. వరస మాత్రం అలా కాదు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి కానీ పాడే తీరు చాలావాటికి మిగల్లేదు. ఇవాళ మనం వినే వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. సంగీత విద్వాంసులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అలా కొన్నిటికి స్వరాలు కూర్చారు. ఆయన 1979లో పోయారు. సంగీత రచనకి కర్త పోయాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది, అంటే ఆయన కట్టిన వరసలకి 2039 చివరి దాకా. ‘పాట 500 ఏళ్ల నాటిది కదా’ అనుకుని ఎక్కించేవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు.

గంగిరెద్దులాయన సన్నాయి గురించి కూడా అదే అడుగుతాను. ఏం వాయించాడో సరిగ్గా వినండి. సంక్రాంతి వాకిళ్లలో సన్నాయి మీద సగం వినపడేది సినిమా పాటలే. సినిమా పాటయితే అది మీ దగ్గరే ఉంచుకోండి. సంప్రదాయంగా వచ్చిన బాణీ అయితే, వచ్చే సంక్రాంతికి ఆయన మళ్లీ వస్తాడు, అప్పుడు వినిపించి అడగండి. చేటెడు బియ్యం వేసి పంపిస్తే వాయించినదానికి సరిపోయిందేమో కానీ, రికార్డు చేసి లోకానికి ఇవ్వడానికి అది అనుమతి కాదు. ఆయన పేరు, ఏ ఊరి నుంచి వస్తారో రాసుకోండి. మన దగ్గర పాత రికార్డింగుల్లో వీళ్లంతా ‘జానపద కళాకారుడు’ అన్న ఒక్క మాట కింద మాయమైపోయారు. నాకు అది చాలా బాధ కలిగించే విషయం. పాత క్యాసెట్ల అట్టలు చూస్తే సేకరించిన ఆఫీసర్ పేరు ఉంటుంది, పాడిన మనిషి పేరు ఉండదు. మీ నలభై ఫైళ్ల దగ్గరైనా అలా జరగనివ్వకండి.

ఇప్పుడు లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ వాళ్లు మొదటి లైసెన్సులు 2002 డిసెంబరులో విడుదల చేశారు. ఇప్పుడున్న 4.0 వచ్చింది 2013లో. నాలుగు షరతులు కలిపి ఆరు లైసెన్సులు చేశారు. బై అంటే పేరు చెప్పాలి, ఇది ఆరింటిలోనూ ఉంటుంది. ఎస్ఏ ఉంటే, దీంతో కొత్తది చేసి పంచేవాళ్లు దాన్నీ ఇదే షరతుతో పంచాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి కూడదు. ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు. ఇవి కాక సీసీ జీరో అని ఒకటుంది, ఏ షరతూ లేదు, పేరు కూడా చెప్పనక్కర్లేదు.

మీ ఉత్తరం చదివాక మీకు సీసీ జీరో సరిపడదని నాకనిపిస్తోంది. పేరు లేదని మనసు కష్టపెట్టుకున్న మనిషి పేరు అక్కర్లేదని రాసివ్వకూడదు. వాన, కవ్వం, విసుర్రాయి సీసీ బై మీద పెట్టండి. అమ్మమ్మ పాటలకి, ఆవిడ ఒప్పుకుంటే, నేనయితే బై ఎస్ఏ తీసుకుంటాను. ఆ గొంతుతో ఎవరైనా కొత్త పాట చేసి పంచితే, అది కూడా నలుగురికీ ఇదే షరతు మీద దక్కాలి, తాళం వేసుకోకూడదు.

ఎన్‌సీ చూడగానే అందరికీ నచ్చుతుంది, మన పాటతో ఇంకొకరు సంపాదించకూడదని. కానీ అది పెడితే వికీపీడియాకి బొమ్మలూ శబ్దాలూ అందించే వికీమీడియా కామన్స్ తీసుకోదు, అందుకని తెలుగు వికీపీడియాలో దంపుళ్ల పాటల వ్యాసంలో ఆ పాట వినిపించలేరు. ప్రకటనలు వచ్చే ఛానెల్‌లో పాఠాలు చెప్పే మాస్టారు వాడుకోవచ్చా లేదా అని సందేహపడి వదిలేస్తాడు. అయినా అమ్మమ్మ ‘అమ్ముకునేవాళ్లకి వద్దు’ అంటే ఆ మాటే చెల్లాలి, ఎన్‌సీ పెట్టండి. ఎన్‌డీ మాత్రం వద్దనే చెబుతాను. పాటని కదిలే బొమ్మలకి జత చేస్తే అది మార్పు కిందికే వస్తుందని లైసెన్సులోనే రాసి ఉంది. అంటే ఎన్‌డీ ఉన్న శబ్దాన్ని ఎవరూ వీడియోకి జతచేసి పంచలేరు. ఎస్ఏకీ ఇదే లెక్క, శబ్దం వేసుకున్న వీడియో కూడా బై ఎస్ఏ మీదే బయటికి రావాలి. సినిమావాళ్లు వాన శబ్దం దగ్గర అందుకే వెనకాడతారు. వానకి బై చాలన్నది కూడా అందుకే.

గొంతుని కాపీ కొట్టే సాఫ్ట్‌వేర్ల భయం మీకు ఉండే ఉంటుంది. ఈ లైసెన్సులు ఇచ్చేది కాపీరైట్‌కి, దాన్ని ఆనుకుని ఉండే హక్కులకి మాత్రమే. అమ్మమ్మ గొంతు మీద ఆవిడకున్న వ్యక్తిగత హక్కు మీరు ఇచ్చినట్టు కాదు. కానీ కాగితం మీద హక్కు ఉండటం వేరు, జరగకుండా ఆపడం వేరు. ఆ భయం మీకు గానీ ఆవిడకి గానీ గట్టిగా ఉంటే, పాటలు బయట పెట్టకుండా కుటుంబంలోనే ఉంచుకోండి. అది పిరికితనం కాదు.

చోటు సంగతి. ఫ్రీసౌండ్, బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టింది, చిన్న శబ్దాలకి బాగుంటుంది. కానీ అక్కడ సీసీ జీరో, బై, బై ఎన్‌సీ మాత్రమే ఉంటాయి. బై ఎస్ఏ పాటలకి వికీమీడియా కామన్స్ గానీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీ గానీ చూడండి. ఎక్కించేది వాట్సాప్‌లో చేతులు మారి నలిగిన ఫైల్ కాకూడదు. ఫోన్ ఒప్పుకుంటే వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చెయ్యండి. సీడీ నాణ్యతలో స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. ఎక్కువనిపిస్తే ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మార్చండి, శబ్దం ఏమీ పోకుండా సైజు తగ్గుతుంది. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, ఎవరు పాడుతున్నారో మీ గొంతుతోనే చెప్పండి. ఎక్కించేటప్పుడు ఆ ముక్క తీసెయ్యొచ్చు, కానీ మీ దగ్గరున్న ఫైల్‌లో ఉండాలి. పదేళ్ల తర్వాత ఫైల్ పేరు మారిపోయినా ఆ మాటలు ఉంటాయి.

ఇక ‘సౌండ్: ఇంటర్నెట్’. తప్పే అమ్మా. పెళ్లి చదివింపుల పుస్తకంలో ఇంటిపేరు, పేరు, ఊరు, ఎంత ఇచ్చారో ఎందుకు రాస్తాం? రేపు వాళ్లింట్లో పెళ్లయితే తిరిగి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడానికి. అక్కడ ‘ఎవరో బంధువులు’ అని రాస్తే ఆ పుస్తకం దేనికి? క్రెడిట్ కూడా అలాంటిదే. విన్నవాళ్లు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లగలగాలి. శబ్దం పేరు, చేసినవారి పేరు, దొరికిన చోటు లింకు, లైసెన్సు పేరు దాని లింకుతో, మీరేం మార్చారో ఆ ముక్క. ఈ అయిదూ ఉంటే చాలు. మీ షార్ట్ ఫిల్మ్‌వాళ్లకి పంపాల్సిన లైను ఇలా ఉంటుంది:

‘పెంకుల మీద వాన’, రికార్డు చేసినవారు: (మీరు సైటులో పెట్టుకున్న పేరు), ఫ్రీసౌండ్ (ఆ పేజీ లింకు), లైసెన్సు: సీసీ బై 4.0 (లైసెన్సు లింకు). మార్పు: మొదటి 20 సెకన్లు తీసేసి వాడాం.

చేసినవారు ఏ పేరు పెట్టుకుంటే అదే రాయాలి. ముద్దుపేరైనా, అంకెలున్న పేరైనా మనం సరిదిద్దకూడదు. పెద్ద వీడియో అయితే చివరి టైటిల్స్‌లోనూ, కింది వివరాల్లోనూ రెండుచోట్లా వెయ్యండి. రీల్ లాంటి చిన్నదానికి చోటు లేకపోతే అన్ని వివరాలూ ఉన్న పేజీ లింకు ఇచ్చినా లైసెన్సు ఒప్పుకుంటుంది. పాడ్‌కాస్ట్ లాంటి మాటల కార్యక్రమమైతే నోటితో చెప్పండి. కామెంట్‌లో మాత్రం రాయొద్దు, అది కిందికి పోతుంది.

నా కప్పల రికార్డింగు ఒకటి ఉంది, తొలకరి రాత్రి ఒక చెరువు గట్టు మీద చేసింది. అమెరికాలో ఒక తెలుగు తల్లి పిల్లలకి చెప్పే కథలో దాన్ని వాడి, నా పేరుతో పాటు చెరువున్న ఊరి పేరు కూడా వేసింది. ఆ ఊరినుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ఒకాయన అది చూసి నాకు రాశాడు. వాళ్ల నాన్నగారు ఆడిన తోలుబొమ్మలాట పాటలు పాత క్యాసెట్లలో తన దగ్గర ఉన్నాయని, ఏం చెయ్యమంటారని. ఆ క్యాసెట్లు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. పాడిన ఆరుగురిలో నలుగురి పేర్లు దొరికాయి, మిగతా ఇద్దరి కోసం అడుగుతున్నాం.

మీరు చెయ్యాల్సిన పనుల్లో అన్నిటికంటే చిన్నది ముందు చెయ్యండి. ఆ గుడిగంట ఎక్కడ దించుకున్నారో మీ ఫోన్ డౌన్‌లోడ్స్‌లో ఫైల్ పేరు ఉంటుంది, దాంతో వెతికితే పేజీ దొరుకుతుంది. దాని లైసెన్సు చూడండి. వీడియోల్లో వాడుకోవచ్చని ఉంటే ఇవాళే ఆ లైను మార్చండి. దొరక్కపోయినా, ఎన్‌డీ అని ఉన్నా ఆ గంట తీసేసి, అమ్మమ్మ వాళ్ల ఊరి గుడికి వెళ్లినప్పుడు పూజారిగారిని అడిగి మీరే ఒకటి రికార్డు చేసుకోండి. షార్ట్ ఫిల్మ్‌వాళ్లకి ఉత్తరం ఆ తర్వాత రాద్దురు గాని.